చిన్నమ్మ ఎక్కిన విమానం

మా చిన్నాయన విమానాల్లో పనిచేశాడని ఆళ్లగడ్డలో తెలియనివాళ్లు లేరు. ఎవరైనా ఉంటే వాళ్లకు ఆయనే చెప్పేవాడు. వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి, రిటైరై వచ్చి, బస్టాండు దగ్గర మోటార్ల రిపేరు అంగడి పెట్టుకున్నాడు.

"మోటారు ఎప్పుడిస్తావప్పా? పైరు ఎండిపోతాంది," అని రైతు మొత్తుకుంటుంటే, యుద్ధ విమానం ఇంజిను తాను ఎంత తొందరగా విప్పేవాడో చెప్పేవాడు. మోటారు సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

చిన్నమ్మకు ఒళ్లు మండేది. "నా పుట్టినరోజు గుర్తుండదు ఈ మనిషికి. ఆ విమానం నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్తాడు."

పోయినేడు ఆయన పాత స్నేహితుడొకరు ఫోన్ చేశారు. చిన్నాయన చూసుకున్న విమానమే, అదే నంబరుది, బెంగళూరు వైపు ఒక మ్యూజియంలో పెట్టారట. ఇక ఆయన కాలు ఇంట్లో నిలవలేదు. నంద్యాలలో టీచరుగా ఉన్న నేను వాళ్లిద్దరినీ రైలెక్కించడానికి స్టేషన్‌కు వెళ్లాను. "నువ్వూ రాప్పా. ఈయన దాన్ని పట్టుకోని ఏడిస్తే నా ఒక్కదానితో కాదు," అంది చిన్నమ్మ. నేనూ ఎక్కేశాను.

మ్యూజియం ఆవరణలో, ఎండలో ఉంది విమానం. చక్రాలు నేలకు తగలకుండా ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టారు. చిన్నమ్మ దాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఏందయ్యా, ఇంతేనా?"

"దూరం నుంచి అట్లనే చిన్నగా కనపడ్తాది."

"నేను దీని పక్కనే కదా నిలబడుకోనుండేది!"

చిన్నాయన విమానం పొట్ట కింద అరచేయి ఆనించి, కొత్తగా వేసిన రంగు మీద మెల్లగా నిమిరాడు. కళ్లు తడిశాయి.

కాక్‌పిట్‌లో కూర్చోవాలనుకునే వాళ్ల కోసం పక్కన నిచ్చెన పెట్టారు. ఎక్కమని చిన్నాయనకు చెప్పాను.

"నాకొద్దులేప్పా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఎగిరేటప్పుడు నేను ఎప్పుడూ దీంట్లో కూచోలేదు. ఉండేది ఒకటే సీటు. అది పైలట్‌ది."

ఇన్నేళ్లూ ఆయన ఆకాశంలో తిరిగాడనే మేమంతా అనుకున్నాం. తిరిగానని ఆయన ఏనాడూ అనలేదు. లేదని కూడా అనలేదు.

"అట్లయితే నేనెక్కుతా," అని చిన్నమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుంది. నేను నిచ్చెన పట్టుకున్నాను. పైకెక్కి, సీట్లో సర్దుకుని, మీటర్లన్నిటినీ వింతగా చూసింది. "ఇన్ని గడియారాలు ఏమిటికయ్యా?" అని పైనుంచి నవ్వుతూ కేకేసింది.

చిన్నాయనకు వినబడినట్టు లేదు. ఆయన విమానం చుట్టూ నడుస్తున్నాడు. రెక్కల అంచులు తడిమాడు, వంగి చక్రాల దగ్గర చూశాడు. విమానం ముక్కు ముందుకొచ్చి, చిన్నమ్మకు కనపడేటట్టు నిటారుగా నిలబడి, అంతా సరిగ్గా ఉందని పైలట్‌కు సైగ చేసినట్టు బొటనవేలు పైకెత్తాడు. ఆ ముఖంలో తమాషా ఏమీ లేదు.

చిన్నమ్మ నవ్వు ఆపేసింది. తానూ బొటనవేలు ఎత్తి, "పోయొస్తా," అంది.

మరునాడు నంద్యాలలో రైలు దిగి, వాళ్లతో పాటే నేనూ ఆళ్లగడ్డ వెళ్లాను. బస్సు దిగగానే, ఎదురింటామె విమానం ఎట్లుందని అడిగింది.

"నేనే నడిపినా," అంది చిన్నమ్మ. "ఈయన కిందుండి చూసుకున్యాడు."

చిన్నాయన సంచులు మోసుకుంటూ వెనకాలే వస్తున్నాడు. కాదంటాడేమోనని చూశాను.

"బాగానే నడిపింది," అన్నాడు. "దిగేటప్పుడే రవ్వంత తడబడింది."