డాక్టర్ సుక్రమ్మ ఒప్పుకోని పొడి

డాక్టర్ పాంగి సుక్రమ్మ గారు ఇక లేరన్న వార్త జి.మాడుగుల నుంచి పొద్దున్నే ఫోన్‌లో వచ్చింది. జ్వరం ముదిరి, కొండ దించి ఆసుపత్రికి తెచ్చేలోపే ఊపిరి ఆగిపోయిందట. నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది. ఆమె దగ్గర పరిశోధన నేర్చుకున్న శిష్యురాలిగా ఆ కోపంతోనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ఏజెన్సీ గూడెంలో పుట్టి జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు సాధించిన విదుషీమణి ఆమె. కొండవాలుల్లో తొలకరికి మొలిచే పుట్టగొడుగులను పులియబెట్టి, వాటిలో పుట్టే సహజ రసాయనాలను వేరుచేసి, లేత కణాలు కొవ్వు కణాలుగా మారకుండా అవి ఎలా అడ్డుకుంటాయో ఏళ్ల తరబడి పరిశీలించారు. రసాయనం వేసిన గాజుపళ్ళెంలో కొవ్వు బొట్లు ఏర్పడలేదని సూక్ష్మదర్శినిలో గమనించిన రోజు నన్ను పిలిచి, "నువ్వు కూడా చూడు. నేను ఆశకొద్దీ చూస్తున్నానేమో" అన్నారు. తన కన్నును తానే శంకించుకోగల నిష్కల్మష మేధ అది.

ఫలితం తెలియగానే మా సంస్థ డైరెక్టరు ఒక వ్యాపారిని వెంటబెట్టుకొచ్చారు. ఒళ్లు తగ్గించే పొడిగా అమ్ముదామన్నారు.

"గాజుపళ్ళెంలో జరిగింది మనిషి ఒంట్లోనూ జరుగుతుందని ఎలా చెప్పను? కాలేయానికి చేటో కాదో ఇంకా చూడనే లేదు" అన్నారు మేడమ్.

"మీ కొండవాళ్లకే పేరొస్తుందమ్మా" అన్నారు డైరెక్టరు.

"మా వాళ్ల ఒంటిమీద కండే లేదు సార్. మా పేరుతో ఈ పొడి వద్దు."

ప్రాజెక్టు చేజారింది. ప్రయోగశాల తాళం మారింది. ఆమె జి.మాడుగుల తిరిగి వెళ్లి పిల్లలకు పాఠాలు చెప్పుకున్నారు. పొడి మాత్రం ఆమె ఫొటోతోనే బజారుకెక్కింది.

ఫిర్యాదులు చేసి విసిగిపోయాక, ఒకరోజు అరకులో ఆ దుకాణానికే వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను.

"ఏటి మేడమ్, మీ బొమ్మే కదా ఇది. టూరిస్టులు అడిగి మరీ కొంటన్నారు" అన్నాడు దుకాణదారు.

"బొమ్మ నాదే బాబూ, మాట నాది కాదు" అన్నారు.

సాయంత్రం దాకా గుమ్మం పక్కన నిలబడి, కొనవచ్చిన ప్రతివారికీ ఇది మనుషుల మీద పరీక్షించలేదని చెప్పారు. చాలామంది నవ్వి కొనుక్కుపోయారు. ఒకావిడ మాత్రం పొట్లం తిరిగి పెట్టేసింది. బస్సెక్కుతూ, "ఆవిడ విన్నది" అన్నారు మేడమ్, తృప్తిగా. నాకు ఆ తృప్తి ఇప్పటికీ మింగుడుపడదు.

జి.మాడుగులలో పెట్టిన సంతాప సభకు ఆ డైరెక్టరే అధ్యక్షుడు. గిరిసీమ కన్న విజ్ఞాన జ్యోతి అని కీర్తించి, ఆమె తల్లిని కూడా రెండు మాటలు చెప్పమన్నారు.

ఆ ముసలితల్లి మైకు పట్టుకుని, "నా గుంట బతికున్నప్పుడు ఒక్కరోజూ మీరీ కొండెక్కనేదు. ఇప్పుడేటికొచ్చినారు?" అంది.

మైకు మెల్లగా తీసేసుకున్నారు. తర్వాత టీ ఇచ్చారు.

ఆ విదుషికి సాష్టాంగపడి నమస్కరిస్తున్నాను. ఫలితాలు ప్రకటించేవారికి మా రంగంలో కొదవలేదు. 'ఇంకా తెలియదు' అని నలుగురి ముందు చెప్పగలిగిన మనిషిని మట్టిలో పెట్టి వచ్చాం.