పులవని పీపా

ట్రియెస్ట్ రేవుపట్నం అటు ఇటలీకీ పోక, ఇటు యుగోస్లావియాకీ పోక, స్వేచ్ఛాభూమిగా మిగిలిపోయి ఇరవయ్యొకటో ఏడు. ఎవరికి ఏ దేశపు పౌరసత్వ కాగితం కావాలో ఎంచుకోమన్న రోజున లుడ్విక్ గ్రిలాంత్స్ స్వేచ్ఛాభూమి కాగితం తీసుకున్నాడు. తమ్ముడు ఆల్బిన్ సరిహద్దు దాటి యుగోస్లావియా వైపు పోయాడు. పోతూ పోతూ "జెండా ఉండి దేశం లేనోడివి" అన్నాడు. లుడ్విక్ కూడా ఓ మాట అన్నాడు. అదేమిటో నాకు తెలుసు గానీ రాయదగ్గది కాదు. ఇద్దరి ఇళ్లకీ మధ్య దూరం నాలుగు కిలోమీటర్లు. అప్పట్నుంచి ఇద్దరిలో ఎవరూ ఆ దూరం నడవలేదు.

పట్నానికి ఎగువన లుడ్విక్ ఉండే రాతి కొండల మీద రైతు ఏడాదికి ఎనిమిది రోజులు తన ఇంట్లోనే వైన్ అమ్ముకోవచ్చు. కూడలిలో పచ్చకొమ్మ కడితే జనం అది చూపిన దారినే వస్తారు. పీపా ఖాళీ అయిందా, గడువు మిగిలున్నా కొమ్మ దించాల్సిందే.

సరిహద్దు అవతలినుంచి పాలు మోసుకొచ్చే దనీలా ఈసారి ఓ కబురు తెచ్చింది. "లుడ్విక్ బాబాయ్, కొమ్మ కనబడితే వస్తానన్నాడు మీ తమ్ముడు." తన మేకను గాలి ఎత్తుకెళ్లి సముద్రంలో ముంచితే నెల్లాళ్లు ఉప్పుపాలిచ్చిందని చెప్పే మనిషామె. అయినా లుడ్విక్ నమ్మాడు. ఆ ఇంట్లో భోజనాల బల్ల దగ్గర ఒక్కడే కూర్చుని కూర్చుని, ఆ మేకను కూడా నమ్మే స్థితికొచ్చాడు.

చిక్కల్లా పీపాతోనే. కిందటేడు వడగళ్లు ద్రాక్షతోటను తినేశాయి. కోడిగుడ్లంత పడ్డాయంటాడు లుడ్విక్, పాపం పొదుపరి, గుమ్మడికాయలంత పడ్డాయి. మిగిలింది ఒక్క పీపా. పట్నం జనం దిగితే రెండ్రోజులకు రాదు. కొమ్మ ఎనిమిది రోజులూ ఉండాలంటే వైన్ అమ్మకూడదు.

రేవు కూలీలు పాటలు పాడుకుంటూ ఎక్కొచ్చారు.

"పులిసిపోయింది బాబూ," అన్నాడు లుడ్విక్ గుమ్మంలో అడ్డంగా నిలబడి.

"గుడ్లయినా ఉడకబెట్టు తాతా."

"కోళ్లు అలిగాయి."

"నిన్ను రోజూ చూస్తుంటే అలగవా మరి," అని నవ్వుకుంటూ దిగిపోయారు. వాళ్ల పాట వినబడినంతసేపూ లుడ్విక్ గుమ్మంలోనే ఉన్నాడు. వారమంతా వచ్చినవాళ్లందరినీ అలాగే పంపేశాడు. ఉతికిన బల్లగుడ్డ మీద రెండు గ్లాసులు మాత్రం పెట్టి ఉంచాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం దనీలా ఖాళీ క్యాన్లతో వచ్చింది.

"వాడు రాలేదు," అన్నాడు లుడ్విక్.

"మంగళవారం వచ్చాడు బాబాయ్, కూడలి దాకా. 'పైకెందుకు, పులిసిపోయిందట' అన్నారు అక్కడ ఎదురైన కూలీలు. వెనక్కి తిరిగాడు."

"ఏమన్నా అన్నాడా?"

"'నేనొస్తానని తెలిసే పులిసిందన్నాడు, నాకర్థమైంది' అన్నాడు."

లుడ్విక్ నేలమాళిగలోకి దిగాడు. చాలాసేపటికి నిండు కూజాతో వచ్చి ఆమెకు పోశాడు. ఆమె ఒక గుక్క తాగి, గ్లాసులోకి చూసింది.

"పులవలేదే."

"పులవలేదు."

"ఓ సీసా ఇవ్వు, మీ తమ్ముడికి చేరేస్తాను."

"సరిహద్దు గేటు దగ్గర లాక్కుంటారు."

"కడుపులోది లాక్కోలేరుగా. ఎలా ఉందో నోటితో చెప్తాను."

లుడ్విక్ ఆమె గ్లాసు మళ్లీ నింపాడు.

"నెమ్మదిగా తాగమ్మాయ్. ఒక్క ముక్క కూడా తప్పు చెప్పకూడదు."

ఆమె నెమ్మదిగా తాగింది. ఆయన ఎదురుగా కూర్చుని, ఆమె ముఖాన్నే చూస్తున్నాడు.