ప్రతి మాటా రెండుసార్లు

మొన్న ఆదివారం పొద్దున ఉప్మా తింటూ కూర్చున్నాను. మా అమ్మాయి ఫోన్ బల్ల మీద ఎప్పటినుంచి మోగుతోందో నాకు వినపడలేదు గానీ, పళ్లెం అంచుకి ఆనించిన వేలికి మాత్రం సన్నగా వణుకు తగిలింది. ఎవరో పిలుస్తున్నారే అన్నాను. అది చెవుల్లో పెట్టుకున్న ఆ తెల్లటి గుండీలు తియ్యకుండానే ఏదో అంది. ఏమిటన్నాను. ఏం లేదులే అమ్మా అంది. యాభై దాటాక నా చెవులు కాస్త మందగించిన మాట నిజమే, డాక్టరుగారు కూడా ఆ మాటే అన్నారు, అయినా నాకు పెద్ద బెంగలేదు. చెవితో పని లేకుండా వేలితో వినే మనిషి ఇంట్లో కోడలిగా మసిలినదాన్ని నేను. ఆ వణుకు తగలగానే నాకు మా మామయ్యగారు గుర్తొచ్చారు, ఉప్మా అక్కడే చల్లారిపోయింది.

నేను పెళ్లై హఫీజ్‌పేట్ వచ్చేసరికి హైటెక్ సిటీలో ఆ గుండ్రటి భవనం కొత్తగా లేచింది, చుట్టూ ఇంకా బండరాళ్లూ, సీతాఫలం పొదలూ, మధ్యాహ్నమైతే రాళ్లు పేల్చే చప్పుడూ తప్ప ఏమీ లేవు. మాది కాకినాడ వైపు, వాళ్లదీ అటే. మా ఆయన ఆ భవనంలోనే ఒక కంపెనీలో పనిచేసేవారు. రెండువేల సంవత్సరం రాగానే లోకంలోని కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోతాయని, వాటికి ముందుగానే బుద్ధి చెప్పే పని ఆయనది. ఆ హడావుడిలో పడి మా పెళ్లిరోజు ఆయనే మరిచిపోయారు, అది వేరే సంగతి. అందుచేత ఆ ఇంట్లో నాకు మొదట దొరికిన స్నేహితుడు మా మామయ్యగారే.

ఆయన ప్రభుత్వ వైర్‌లెస్ విభాగంలో చేసి రిటైరైన మనిషి. మేడ మీద గదిలో హామ్ రేడియో సెట్, అంటే లైసెన్సున్నవాళ్లు ఇంటి నుంచే ఒకరితో ఒకరు గాలిలో మాట్లాడుకునే సెట్, పెట్టుకున్నారు, అదీ కొన్నది కాదు, తన చేతులతో కట్టుకున్నది. అల్యూమినియం పెట్టె, మాట్లాడేటప్పుడు వెలిగే ఎర్ర బల్బు, బొత్తాం నొక్కి పట్టుకుంటేనే మాట బయటికి పోయే మైకు, పాత వాల్వు రేడియోలోంచి ఊడదీసిన పెద్ద స్పీకరు. ఆ స్పీకరుకి ముందు గుడ్డ కూడా లేదు, లోపలి నల్లటి కాగితపు గరాటు అలాగే కనిపిస్తూ ఉండేది. రాళ్లు పేల్చిన దుమ్మంతా వచ్చి దాని మీదే వాలేదేమో, శనివారం వచ్చిందంటే కోడి ఈకతో లోపలి రేకులు దులపడం, కనెక్షన్లు రబ్బరుతో రుద్దడం, వానకి చిలుం పట్టిన తీగల్ని మళ్లీ సోల్డరింగ్ చెయ్యడం, ఇదంతా ఆయనకి పూజతో సమానం. యాంటెన్నా తీగ మేడ మీద రెండు వెదురు బొంగుల మధ్య ఉండేది. అందులో ఒక బొంగుకి మా అత్తయ్యగారు బట్టల తీగ కట్టేవారు. తడిచీరల వల్ల సిగ్నల్ పోతోందని ఆయన, ఆయన ఇనుప సామాను వల్ల చీరలకి తుప్పు మరకలు పడుతున్నాయని ఆవిడ, ముప్పై ఏళ్లుగా అదే తగువు.

ప్రతి ఆదివారం ఎనిమిది గంటలకి ఓ పదిమంది హాములు ఒకే చోట గాలిలో కలుసుకునేవారు. ఆ సభకి పెద్ద మా మామయ్యగారే, బళ్లో హాజరు వేసినట్టు ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడించేవారు. చర్చికి బయల్దేరే ముందు పలకరించే శేరిలింగంపల్లి నర్సుగారూ, మామయ్యగారికి ఉద్యోగంలో తోడున్న సికింద్రాబాద్ పెద్దాయనా నాకు బాగా జ్ఞాపకం. నేను ఫిజిక్సు చదువుకున్నదాన్ని, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఆయన దగ్గర చుక్కలూ గీతల చప్పుళ్లతో మాట్లాడే మోర్స్ నేర్చుకున్నాను, పరీక్షా పాసయ్యాను. లైసెన్సు కాగితం మాత్రం ఎక్కడో బల్లల మీద నిద్రపోతోంది. అది చేతికి రానిదే నేను గాలిలో నోరు విప్పకూడదు. కాబట్టి పక్కన కూర్చుని, ఎవరేమన్నారో పుస్తకంలో రాసేదాన్ని. వాళ్లు మామయ్యగారితో ప్రతి మాటా రెండుసార్లు చెప్పేవారు. నమస్కారం రెండుసార్లు, ఊళ్లో వాన పడిందని రెండుసార్లు, మనవడికి జ్వరం తగ్గిందని రెండుసార్లు. అదే ఆ లోకపు మర్యాద కాబోలనుకుని నేనూ బుద్ధిగా రెండేసి సార్లు రాశాను. మామయ్యగారు ఆ పేజీలు చూసి గబగబా తిప్పేసేవారు.

చలికాలం వెళ్లిపోతున్న రోజుల్లో ఒక ఆదివారం అందరూ కలిసి నక్క వేట పెట్టుకున్నారు. నక్కంటే నిజం నక్క కాదు. ఒకరు చిన్న ట్రాన్స్‌మిటర్ని ఎక్కడో దాచిపెడతారు, అది బీప్ బీప్‌మంటూ ఉంటుంది, మిగతావాళ్లు జట్లుగా వెళ్లి దాన్ని పట్టుకోవాలి. పట్టుకోవడానికి చెక్క చట్రానికి రాగితీగ చుట్టిన యాంటెన్నా ఉంటుంది. దాన్ని తిప్పుతుంటే ఒక దిక్కున చప్పుడు ఆగిపోతుంది. చప్పుడు ఆగిన గీత మీదే నక్క ఉంటుంది. కానీ అది ముందుందో వెనకుందో ఆ చట్రం చెప్పదు, అది మన తెలివికి వదిలేసిన భాగం. గెలిచినవాళ్లకి స్టీలు ఫ్లాస్కు బహుమతి. నాకు ఆ ఫ్లాస్కు మీద మనసు పడింది, దాచుకోవడమెందుకు.

హైటెక్ సిటీ రోడ్డు మీద ఒక టీ కొట్టు దగ్గర అందరం బెంచీల మీద కూర్చుని టీ తాగి బయల్దేరాం. స్కూటీ నేను నడిపాను, వెనక మామయ్యగారు చట్రం పట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నారు. మఫ్లర్ ముఖానికి చుట్టుకు వెళ్లండి, ఎవరూ గుర్తుపట్టరు అని అత్తయ్యగారు ముందే సలహా ఇచ్చి పంపారు. కుడికి తిరగాలంటే నా కుడి భుజం మీద తట్టేవారు, ఎడమకైతే ఎడమ భుజం మీద. మధ్యమధ్య బండి ఆపి, ఇంజను ఆర్పి, ఆయన కళ్లు మూసుకుని చట్రం తిప్పి మళ్లీ తట్టేవారు. అలా గచ్చిబౌలి దాటాం, లింగంపల్లి దాటాం. నక్క ఇంత దూరం రాదే అని నాకు గుబులు మొదలైంది గానీ గురువుగారి మాట కాదనలేక నడుపుతూనే ఉన్నాను. తెల్లాపూర్ దగ్గర హద్దురాళ్లు పాతిన ఖాళీ పొలంలో ఆపించి, చట్రం పట్టుకుని నాలుగడుగులు అటూ నాలుగడుగులు ఇటూ నడిచారు.

ఆ జాగా తాలూకు ఆసామి తలపాగా సర్దుకుంటూ వచ్చి కాసేపు వింతగా చూశాడు. తర్వాత అడిగాడు.

“ఏంది సారూ, నీళ్లు చూస్తున్నరా? జర చెప్పున్రి, ఈడ బోరేస్తే పడ్తయా?”

మామయ్యగారు కళ్లు తెరిచి, చాలా మర్యాదగా తల ఊపి, ఇక్కడే అన్నారు. ఆ ఇక్కడే నాతో అన్న మాట. ఆసామి మాత్రం పరుగున వెళ్లి ఒక రాయి తెచ్చి, సరిగ్గా ఆయన కాళ్ల దగ్గర పెట్టి, ఇల్లెక్కడని నన్నడిగాడు. మామయ్యగారు సరదాకి తల ఊపారనుకుని, హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర మేడ మీద పొడుగాటి తీగ ఉన్న ఇల్లని చెప్పి, నవ్వుకుంటూ హెడ్‌ఫోన్ తీసి నా చెవులకి పెట్టుకున్నాను. చెవులు చిల్లులు పడ్డాయి. వాల్యూమ్ చివరికంటా తిప్పి ఉంది. తగ్గించి చట్రం తిప్పి చూస్తే చప్పుడు ఆగిన గీత మేం వచ్చిన రోడ్డు వైపే చక్కగా చూపిస్తోంది. అప్పుడర్థమైంది నాకు. అంత మోతలోనూ ఆయనకి ఏ దిక్కున చూసినా చప్పుడు లేదు.

ముందు నాకు కోపమొచ్చిందని ఒప్పుకోవాలి, ఫ్లాస్కు పోయిందన్న కోపం. ఆ వెంటనే సిగ్గేసింది. ముందూ వెనకా తేడా పడ్డట్టుంది మామయ్యగారూ అన్నాను, చేత్తో ముందుకీ వెనక్కీ చూపిస్తూ. అవునమ్మాయ్, అదే అయ్యుంటుంది అని గబగబా ఒప్పేసుకున్నారు. తిరుగుదారిలో ఒక్కసారి కూడా నా భుజం తట్టలేదు.

ఇంతకీ నక్క ఎక్కడుందనుకున్నారు. మేం కూర్చుని టీ తాగిన బెంచీ కిందే, బిస్కట్ల డబ్బాలో. అందరూ పడీపడీ నవ్వారు. గెలిచిన నర్సుగారు కొత్త ఫ్లాస్కులో టీ పోయించుకొచ్చి, మొదట మామయ్యగారికే ఇచ్చి, పర్లేదు సర్, పర్లేదు సర్ అని రెండుసార్లు అన్నారు.

ఆ తర్వాత ఆయన ఆదివారాలు మానేశారు. ఒక వారం జలుబు, ఒక వారం తలనొప్పి. శనివారాలు ఈక పట్టుకోవడం కూడా మానేశారు. ఒకరోజు భోజనాల దగ్గర, సెట్ ఎవరికైనా ఇచ్చేస్తాను, ఆ గది నీ బట్టలకి పనికొస్తుంది అని అత్తయ్యగారితో అన్నారు. ముప్పై ఏళ్లు ఆ బొంగు కోసం తగువాడిన ఆవిడ, సాయంత్రం మేడెక్కి, ఆ బొంగుకున్న బట్టల తీగ విప్పి పిట్టగోడ మేకుకి కట్టుకున్నారు. నేను రహస్యం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆయన పరువు పోతుందని భయం, చెప్పకపోతే ఆ సెట్ పోతుందని భయం, రెండింటి మధ్యా నలిగిపోయాను.

ఎండలు ముదిరాక ఒక ఆదివారం ఎనిమిదింటికి ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మేడెక్కారు. సభ పెద్దరికం ఇంకెవరికైనా అప్పగించి సెలవు తీసుకుంటానన్నారు. నేను పుస్తకం తెరిచాను. మైకు చేతిలోకి తీసుకుని బొత్తాం నొక్కారో లేదో, తలుపులో అత్తయ్యగారు, ఆవిడ వెనక మిఠాయి డబ్బాతో తెల్లాపూర్ ఆసామి ప్రత్యక్షమయ్యారు.

“సారూ, మీరు సూపెట్టిన కాడనే బోరేసినం. నీళ్లు ఎగదన్నినయ్. మా బామ్మర్ది జాగల గూడ జర చూడాలె, ఇగ మీరు కాదనద్దు.”

అత్తయ్యగారు నోరు తెరుచుకుని నిలబడ్డారు. మామయ్యగారు అతని వైపు, నా వైపు చూశారు. నేను జరిగింది కాగితం మీద నాలుగు ముక్కలు రాసి ఆయన ముందు పెట్టాను. చదువుకున్నారు. నిదానంగా అన్నారు.

“నాకు నీళ్ల సంగతి తెలీదు బాబూ. ఆ రోజు నువ్వేమడిగావో నాకు వినపడలేదు. తల ఊపానంతే. ఏడాది పైనైంది, నాకు ఎవరి మాటా సరిగ్గా వినపడటం లేదు.”

నేను ఎర్ర బల్బు వైపు చూశాను. వెలుగుతోంది. వేలితో చూపించేలోపే ఆయనా చూసుకున్నారు. బొత్తాం మీద బొటనవేలు అలాగే ఉంది. బొత్తాం నొక్కిపట్టి మరిచిపోవద్దని ఊరందరికీ పాఠం చెప్పిన మనిషి, తన గుట్టంతా పదిమందికీ వినిపించేశారు. మైకు బల్ల మీద పెట్టారు.

స్పీకరులో గాలి హోరు తప్ప ఏమీ లేదు. తర్వాత నర్సుగారి గొంతు వచ్చింది. నేను రాసి ఆయనకి చూపించాను. మాకందరికీ తెలుసు సర్, నిరుడే తెలుసు, అందుకే అన్నీ రెండుసార్లు చెబుతున్నాం. ఈ మాట కూడా ఆవిడ రెండుసార్లే చెప్పారు, నేనూ అలవాటు కొద్దీ రెండుసార్లే రాశాను. మామయ్యగారు ఆ రెండు వరసలూ చదివారు. సిగ్నల్ బాగాలేక రెండేసి సార్లు చెబుతున్నారేమో అనుకున్నాను అని గొణిగారు, మాకెవరికీ ఆ మాట నమ్మాలనిపించలేదు. అత్తయ్యగారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు, నేను ఏడ్చేశాను.

అంతలో సికింద్రాబాద్ పెద్దాయన అందుకున్నారు. వాణ్ణి స్పీకరు మీద వేలు పెట్టమను, ఉద్యోగంలో జనరేటర్ల మోతలో మేం మోర్స్ అలాగే తీసుకునేవాళ్లం, మరిచిపోయినట్టున్నాడు అన్నారు. నేను రాసి చూపించాను. మామయ్యగారు చూపుడువేలు ఆ నల్లటి కాగితపు గరాటు మీద ఆనించారు. నేను వాల్యూమ్ పెంచాను. మోర్స్ మొదలైంది, తీరిగ్గా, ఒక్కో గీత చివర కాస్త సాగదీస్తూ. రెండు అక్షరాలు అయ్యాయో లేదో, వాడి చెయ్యే, ఆ సాగతీత ఎక్కడికి పోతుంది అన్నారు మామయ్యగారు. మాట పూర్తయ్యేసరికి ఫెళ్లున నవ్వారు. పెద్దాయన అడిగింది ఒక్కటే, నక్క దొరికిందా అని. మామయ్యగారు మోర్స్ కొట్టే కీ దగ్గరికి లాక్కుని, నీళ్లు దొరికాయి అని జవాబు కొట్టారు.

ఇదంతా గుడ్లప్పగించి చూసిన ఆసామి చేతులు జోడించి అత్తయ్యగారితో అన్నాడు.

“నేన్ జెప్పలే అమ్మా? సారుకు ఏలుతోటే తెలుస్తది.”

సారుకి నీళ్ల విద్య రాదని అతన్ని నమ్మించి పంపేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది. సెలవు సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. కొన్నాళ్లకి నా లైసెన్సు నిద్ర లేచి వచ్చింది. మాటలు నేను విని రాసిచ్చేదాన్ని, మోర్స్ ఆయన వేలితో తీసుకునేవారు, ఆఖరి ఆదివారం దాకా సభ పెద్దరికం ఆయనదే. అత్తయ్యగారు బట్టల తీగని మళ్లీ ఆ బొంగుకే కట్టి తగువు కొనసాగించారు.

ఈమధ్య గృహప్రవేశానికి తెల్లాపూర్ వెళ్లాను. ఆ పొలమెక్కడో పోల్చుకోలేకపోయాను, ఎటు చూసినా ముప్పై అంతస్తులు, గేటు ముందు నీళ్ల ట్యాంకర్ల వరస. సెట్ ఇప్పటికీ నా గదిలో ఉంది గానీ, పెట్టగానే ఇన్వర్టర్లూ లిఫ్టులూ చేసే రొద తప్ప మనిషి చెయ్యి దొరకడం గగనం. నర్సుగారు ఒక్కరే అప్పుడప్పుడూ పలకరిస్తారు.

మొన్న ఆదివారం ఉప్మా అక్కడే వదిలేసి, అటక మీంచి పాత పుస్తకం దించుకున్నాను. నా గుండ్రటి చేతిరాతలో, పేజీ తర్వాత పేజీ, ప్రతి వాక్యం కింద మళ్లీ అదే వాక్యం. ఏడాది పొడుగునా పదిమంది మనుషులు, ఎవరి పనుల మీద వాళ్లు పోవలసినవాళ్లు, ఒక్కరూ విసుక్కోకుండా ఒక పెద్దాయనకి వాన సంగతి కూడా రెండుసార్లు చెప్పారు. ఇప్పుడు అరచేతిలోనే అన్నీ వినపడుతున్నాయి, ఎంత దూరానున్న గొంతైనా పక్క గదిలో ఉన్నంత స్పష్టంగా వస్తుంది. నేను మాత్రం పక్కనే కూర్చుని ఏమిటీ అని అడుగుతాను. ఏం లేదులే అంటారు, ఒక్కసారే.