పాత బ్రౌజర్ గుర్తు పెట్టుకున్నవి

ఆ మనిషి ముఖం మళ్ళీ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఏడాది తిరగకుండానే ఆయన ఆఫీసు మెట్లెక్కాల్సి వచ్చింది. నా పదో తరగతి, పీయూసీ, డిగ్రీ మార్క్స్ కార్డులు ఆయన ఇనుప బీరువాలో ఉన్నాయి. సోమవారం ఉదయం బళ్ళారి కంటోన్మెంట్‌లోని ఒక స్కూల్లో వాటి ఒరిజినల్స్ చూపిస్తేనే నాకు కంప్యూటర్ టీచరు ఉద్యోగం. చూపించకపోతే నా తరువాతి పేరును పిలుస్తామని హెడ్‌మిస్ట్రెస్ నవ్వుతూనే చెప్పింది. ఆ రోజు శనివారం.

గనులు జోరుగా నడుస్తున్న రోజులవి. బళ్ళారిలో లారీ ఆఫీసులన్నిటిదీ ఒకటే పద్ధతి. చేరిన రోజే ఒరిజినల్స్ తీసి పెట్టుకుంటారు, మనిషి మధ్యలో జారుకోకుండా. తాకట్టు అని ఎవరూ అనరు, భద్రంగా ఉంటాయంటారు. మా యజమానిని ఊరంతా ధణి అనేది. కోస్తా నుంచి వచ్చి సిరుగుప్ప కాలువ కింద వరి వేసుకున్న కుటుంబం. వడ్లు వదిలి ఖనిజం లారీలు పట్టాక ఆయనకు మనుషులు మనుషుల్లా కనిపించడం మానేశారు.

మూడేళ్ళు ఆయన దగ్గర పర్మిట్లు తీశాను. ప్రభుత్వ సైటు తెరవాలి, లారీ నంబరు కొట్టాలి, కాగితం ప్రింటు తీసి కిటికీలోంచి డ్రైవరుకు ఇవ్వాలి. ఆ కాగితం లేనిదే లారీ కదలకూడదు. కీబోర్డు మీద ఎర్రదుమ్ము, నా ముక్కులోనూ ఎర్రదుమ్మే. ఉన్నది ఒక్క కంప్యూటర్. మొదటిసారి ఏ పాస్‌వర్డ్ కొట్టినా అందులోని బ్రౌజర్ 'గుర్తు పెట్టుకోవాలా?' అని అడిగేది. కిటికీ అవతల పదిమంది అరుస్తుంటే తీరిగ్గా ఆలోచించేదెవరు? ఎస్ అని నొక్కేసేదాన్ని.

మూడో ఏట బెంగళూరు స్కూలొకటి నన్ను ఇంటర్వ్యూకు పిలిచింది. మెయిల్ వచ్చింది, ఒరిజినల్స్ తెమ్మన్నారు. బ్యాంకులో చూపించాలని అబద్ధం చెప్పి ధణిని కార్డులు అడిగాను.

"బ్యాంకుకా అమ్మా, బెంగళూరుకా?" అన్నాడు పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ. "ఆశ బాగానే ఉండాది నీకు. పో, పోయి పర్మిట్లు తీయి."

కార్డులు ఇవ్వలేదు, ఇంటర్వ్యూ పోయింది. ఆ వారమే నోటికొచ్చినట్టు తిట్టి మానేశాను. కార్డులు మాత్రం అక్కడే ఉండిపోయాయి.

ఆ మెయిల్ సంగతి నేనెవరికీ చెప్పలేదు, మరి ధణికి ఎలా తెలిసింది? నా పాస్‌వర్డ్ తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే, మా అక్క. మా చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన కాగానే పళ్ళెంలో వాగ్దాన కార్డులు పెడతారు. ఒక్కొక్కరూ ఒకటి తీస్తారు. దాని మీది వాక్యం ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట. మా ఇంట్లో ఎవరి కార్డు వాళ్ళు చదువుకోరు, పక్కవాళ్ళు చదివి వినిపించాలి. నాది ఎప్పుడూ అక్కే చదివేది. ప్రతి జనవరిలోనూ ఆ వాక్యం అధ్యాయం, వచనం నంబర్లతో మెయిల్ పాస్‌వర్డ్ మార్చుకునేదాన్ని. అలా చేస్తానని అక్కకు తెలుసు. పైగా బావ లారీ ధణి దగ్గరే బాడుగకు తిరిగేది. నాకు ఇంకేం కావాలి? అక్క నా మెయిల్ చూసి బావకు చెప్పింది, బావ పోయి ధణి దగ్గర మంచివాడు అనిపించుకున్నాడు. అంతే, తీర్పు చెప్పేశాను.

వాళ్ళ ఇంటికి పోయి అత్తగారి ముందే కడిగేశాను.

"దేవునితోడు, నేను చూల్లేదే," అంది అక్క.

"దేవుణ్ణి మధ్యలోకి తేవద్దు. నీ మొగుని లారీ కోసం నా నోటికాడ కూడు తీసినావు."

తరువాత వచ్చిన జనవరిలో చర్చిలో చెరో బెంచీలో కూర్చున్నాం. నా కార్డు నేనే చదువుకున్నాను.

ఆ శనివారం, కార్డులు ఇమ్మని ధణికి ఫోన్ చేస్తే తిడతాడనుకున్నాను. రమ్మన్నాడు. ఎందుకో అక్కడికి పోయాక తెలిసింది. బ్రౌజర్ పాతదైపోయిందని ప్రభుత్వ సైటు ఆ పొద్దుటి నుంచి పాత కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు. కొత్త కంప్యూటర్ తెచ్చారు, అది పాస్‌వర్డ్ అడుగుతోంది. ఏళ్ళ తరబడి ఆ పాస్‌వర్డ్‌ను చేత్తో కొట్టినవాళ్ళు లేరు. పాత బ్రౌజరే అక్షరాల బదులు చుక్కలు పెట్టి నింపేది. రిపేరుకు వచ్చినాయన పాత కంప్యూటర్ ముందు తెల్లమొహం వేసుకుని కూర్చున్నాడు. బయట లారీలు రోడ్డు మలుపు దాకా ఆగి ఉన్నాయి.

"బిరీన తీయమ్మా. లారీలు నిలిచిపోయుండాయి," అన్నాడు ధణి.

"ముందు కార్డులు."

"ఇంకా అదే ధిమాకు, అదే పొగరు ఉండాది నీకు. ముందు పాస్‌వర్డ్."

"కార్డులు చేతికొస్తేనే మౌస్ ముట్టేది. లేదంటే మీ చుక్కలు మీరే లెక్కపెట్టుకోండి."

హారన్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన బీరువా తెరిచి కవరు టేబుల్ మీదికి విసిరాడు. మూడూ ఉన్నాయో లేవో చూసుకుని బ్యాగులో పెట్టి, బ్యాగు ఒళ్ళో పెట్టుకున్నాకే కుర్చీ ముందుకు జరిపాను.

పని రెండు నిమిషాలది. మెనూలో సెక్యూరిటీ అనే చోట, దాచిన పాస్‌వర్డ్‌లు చూపించే బటన్ ఒకటి ఉంటుంది. నొక్కాను. చుక్కలు పోయి అక్షరాలు వచ్చాయి. మొదటి వరుసలో పర్మిట్ల సైటు. ఇంకా కిందికి పోతే నా మెయిల్. దాని ఎదురుగా గడిచిన ఏటి నా వాగ్దాన వాక్యం, అధ్యాయమూ వచనమూ. అది చదివిన అక్క గొంతు చెవిలో వినిపించింది.

అక్కడ పనిచేసే రోజుల్లో ఒక మధ్యాహ్నం కిటికీ ఖాళీగా ఉన్నప్పుడు నా మెయిల్ అందులో తెరిచాను. గుర్తు పెట్టుకోవాలా అని అది అడిగే ఉంటుంది. నేను ఎస్ అని నొక్కే ఉంటాను.

"నా మెయిల్ మీరు చూసినారా?" అని అడిగాను వెనక్కి తిరిగి.

"చూసుంటే ఏమిప్పుడు? కంప్యూటర్ నాది, కరెంటు నాది. నీ పేరు కొడ్తానే చుక్కలు దానికదే పడతా ఉండె. నేనేమన్నా తాళం పగలగొట్టినానా?"

ఒళ్ళు మండిపోయింది. 'అన్నీ తొలగించు' అనే బటన్ మీదికి బాణం గుర్తు తీసుకుపోయాను. ఒక్క నొక్కు చాలు, ప్రభుత్వం కొత్త పాస్‌వర్డ్ ఇచ్చేదాకా ఆయన లారీలు వారాల తరబడి అక్కడే తుప్పు పడతాయి. కిటికీలోంచి చూశాను. వరుసలో నాలుగో లారీ బావది. పర్మిట్ల పాస్‌వర్డ్ చీటీ మీద రాశాను. నా మెయిల్ వరుసను మాత్రం తీసేశాను. ఖాయమేనా అని బ్రౌజర్ అడిగింది. ఈసారి చదివి నొక్కాను. ధణి చెయ్యి చాపితే చీటీని ఆయన కాళ్ళ దగ్గర పడేశాను. వంగి తీసుకున్నాడు. అది చూసి నాకు సంతోషం వేసింది, దాచుకోవడం ఎందుకు.

ఆ సంతోషం అక్క ఇంటి సందు దాకా కూడా రాలేదు. అక్క వసారాలో కూర్చుని చాటలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

"అక్కా, నువ్వు కాదు. ఆ కంప్యూటర్‌లో నా పాస్‌వర్డ్ అట్లే ఉండాది. నేనే దాచిపెట్టి వచ్చినా. ఇప్పుడే నా కళ్ళతో చూసినా."

అక్క ఒక రాయి ఏరి బయటికి విసిరింది.

"నేను చెప్తే నమ్మలేదు," అంది. "ఆ డబ్బా చెప్తే నమ్మినావు."

మూడు కార్డులున్న బ్యాగు చంకలో బిగించుకుని మెట్ల మీదే నిలబడ్డాను. అక్క చాట ఎత్తుకుని లోపలికి పోయింది. తలుపు వేయలేదు, రమ్మని కూడా అనలేదు.