హెరాల్డ్ పాట కాగితం

ఎనిమిదేళ్లుగా ఒక కాగితం మోస్తున్నాను. జేబులో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియనంత తేలిక. అయినా ఇల్లు మారిన ప్రతిసారీ సామాన్లన్నిటిలోకీ అదే బరువు. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరు నా ముఖం చూడలేరు కాబట్టి మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడక్కండి.

నేను కోతలరాయుణ్ణి. అది ముందే తెలిస్తే మంచిది. షికాగో పక్కన షామ్‌బర్గ్‌లో తెలుగువాళ్ల పాట్‌లక్, అదే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, ఎక్కడ జరిగినా, "అన్నా, ఒకటి వదులు" అంటూ నా చుట్టూ చేరేవారు. మిర్చి యార్డు ఘాటుకి రైలింజను తుమ్మి పట్టాలు దిగిందని చెప్పేవాణ్ణి. ఎవరూ నమ్మేవారు కాదు. వాళ్లు నమ్మరన్న ధీమాతోనే నేను చెప్పేవాణ్ణి.

హెరాల్డ్ మా పక్కింటాయన. ఎనభై దాటాయి. భార్య పోయింది, కూతురు అరిజోనాలో ఉండేది. అచ్చాఫీసులో సీసపు అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చిన మనిషి. శనివారం పొద్దున్నే రెండు గ్లాసుల ఫిల్టర్ కాఫీ పట్టుకుని ఆయన వరండాలో చేరేవాణ్ణి. నేను ఏదో ఒకటి కోసేవాణ్ణి. నా కోతలు విని ఆయన నన్ను ప్రొఫెసర్ అని పిలిచేవాడు. అయ్యాక ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "కథా? నిజమా?" అని అడిగేవాడు. ఆయన అడిగాక మాత్రం నిజమే చెప్పాలి. మా ఆటకి ఉన్న నియమం అదొక్కటే. రెండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదు.

కూతురు ఆదివారం ఆదివారం ఫోన్ చేసి, మతిమరుపు వస్తోంది, ఒంటరిగా వద్దు, ఇక్కడికొచ్చి వృద్ధుల హోమ్‌లో చేరు అని పోరు పెట్టేది. ఒకటి రెండుసార్లు ఆయన స్టవ్ ఆపడం మర్చిపోయిన మాట వాస్తవమే. అయినా ఒప్పుకునేవాడు కాదు. "నా బుర్ర నాకు తెలుసు. అది చెడిన రోజు ఎవరూ చెప్పక్కర్లేదు, నేనే పెట్టె సర్దుకుంటా" అనేవాడు.

ఒక మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే పిలిచి ఆ కాగితం చూపించాడు. ఈ దేశంలో ఉత్తరాదీ దక్షిణాదీ కొట్టుకున్న యుద్ధం నాటిది. అప్పట్లో పద్యాలు ఇలా విడికాగితాల మీద, ఒకవైపే అచ్చువేసి వీధుల్లో చిల్లర డబ్బులకి అమ్మేవారట. సిపాయిలు కొనుక్కుని పాడుకునేవారట. పైన చేత్తో రంగులు పూసిన జెండా బొమ్మ, కింద ఎనిమిది చరణాలు. సైన్యంలో ఉన్నవాడు భార్యతో అంటున్నాడు: నేను రాకపోయినా గుర్రాన్ని అమ్మకు, దానికి మన పొలం దారి తెలుసు. అచ్చువేసిన షాపు పేరుంది. రాసినవాడి పేరు లేదు. హెరాల్డ్ ముత్తాత దాన్ని నాలుగు మడతలు పెట్టి యుద్ధమంతా కోటు జేబులో తిప్పాడు. ఆ మడతల దగ్గర కాగితం పోగుల మీద నిలిచి ఉంది.

"స్కాన్ చేసి పెట్టు, మా అమ్మాయికి పంపాలి. రెండు రోజులు నీ దగ్గరే ఉంచుకో. జాగ్రత్త" అని నా రెండు చేతుల్లో పెట్టాడు.

మన ఇళ్లలో కాగితానికి జాగ్రత్త అంటే ఏమిటి? పదో తరగతి మార్కుల లిస్టు దగ్గర్నుంచి పెళ్లి సర్టిఫికెట్ దాకా అన్నీ లామినేషన్ చేయించి తెచ్చుకున్నవాళ్లం. మా ఆవిడ ఆదివారం తెలుగు బడి పిల్లలకి అక్షరాల కార్డులు చేయడానికి కొన్న మెషీన్ ఇంట్లోనే ఉంది. స్కాన్ తర్వాత చేద్దాం, ముందు చిరక్కుండా చూద్దాం అనుకున్నాను. పెద్దాయన మురిసిపోతాడనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

రోలర్లు లాక్కున్నాయి. మడతల దగ్గర తెగి, నాలుగు ముక్కలూ ఒకదాని మీదికి ఒకటి జరిగి, అలాగే ప్లాస్టిక్‌లో బిగుసుకుపోయాయి. బ్లేడుతో ఒక మూల విప్పబోతే అక్షరాలు ప్లాస్టిక్‌తోపాటే ఊడొచ్చాయి. గుర్రం ఉన్న చరణం పోయింది.

అప్పుడే వెళ్లి చెప్పాల్సింది. నాలుగడుగుల దూరం. కానీ మా గ్రీన్ కార్డ్ ఇంకా తేలలేదు. కోతలరాయుడి బుర్ర కదా, అల్లుకుంటూ పోయింది: ఇది మ్యూజియం సరుకు, కేసు పెడతాడు, కేసుంటే కార్డ్ రాదు, పిల్లల్ని తీసుకుని వెళ్లిపోవాలి. ఊళ్లో నా కథలేవీ నమ్మేవారు లేరు. నాకు నేను చెప్పుకున్నది మాత్రం నేనే నమ్మేశాను. "ఆయన కాగితం ఇచ్చేశారా?" అని మా ఆవిడ అడిగితే, ఇచ్చేశానన్నాను.

శనివారం వచ్చింది. కాఫీ పట్టుకుని వెళ్లాను.

"ఏం ప్రొఫెసర్, నా పాట స్కాన్ అయిందా?"

"ఏ పాట?"

"మా ముత్తాతది. మంగళవారం ఇచ్చాగా."

"చూపించారు హెరాల్డ్. తర్వాత ఇస్తానన్నారు. ఇవ్వలేదు."

నవ్వాడు. కొత్త కథ మొదలుపెట్టాననుకున్నాడు. "బాగుంది, నీ రైలు తుమ్ము కంటే ఇదే బాగుంది" అన్నాడు. గ్లాసు కింద పెట్టాడు. కళ్లద్దాలు పైకి తోశాడు. "సరే. కథా? నిజమా?"

"నిజం."

కథ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఇద్దరం నవ్వుకునేవాళ్లమేమో. తిట్టేవాడేమో. ఆయన కళ్లద్దాలు దింపుకుని తన చేతుల వంక చూసుకున్నాడు. మూడు రోజులు ఇల్లంతా వెతికాడు. నేనూ వెతికాను. అవును, పక్కన మోకాళ్ల మీద కూర్చుని సొరుగులు లాగాను. లేనిచోట వెతుకుతూ, "ఇక్కడా లేదు" అన్నాను. నాలుగో రోజు కూతురికి ఆయనే ఫోన్ చేశాడు. వచ్చి తీసుకెళ్లమన్నాడు. అన్నట్టే, పెట్టె ఆయనే సర్దుకున్నాడు.

అరిజోనా వెళ్లాక ఒకసారి ఫోన్ చేశాను. చెప్పేద్దామనే చేశాను. గొంతు వినగానే నోట్లోంచి మళ్లీ ఏదో కోతే వచ్చింది. చివరిదాకా విని నవ్వాడు. ఆగాను. కథా, నిజమా అని అడుగుతాడని ఆగాను. అడగలేదు. ఏది చెప్పినా తనకి గుర్తుండదనుకున్నాడేమో. ఆ చలికాలమే పోయాడని కూతురు కబురు చేసింది.

ఆయన ఎలాగూ వెళ్లాల్సినవాడే, స్టవ్ మర్చిపోయేవాడుగా అని ఎన్నిసార్లు సర్ది చెప్పుకున్నానో. అదీ కోతే. ఇల్లు పోతే పోయేది. తన బుర్ర మీద తనకున్న నమ్మకాన్ని నేను తీసేశాను. ఆ పాట రాసినవాడిలాగే నేనూ పేరు పెట్టకుండా రాస్తున్నాను. పాపం, అతను పిరికితనంతో మానేసి ఉండడు.

కాగితం మా సర్టిఫికెట్ల సూట్‌కేసులోనే ఉంది. క్షమించమని అడగడానికి ఎవరూ లేరు, అడిగే ముఖమూ లేదు. ఆ శనివారం చెప్పాల్సిన మాట ఒకటుంది, అది చెప్పేస్తాను.

మీరు ఇచ్చారు, హెరాల్డ్. మంగళవారం సాయంత్రం, నా రెండు చేతుల్లో పెట్టారు. మీకు బాగానే గుర్తుంది.