సుజాత టైర్లు, మీటరు లెక్క

కొన్నేళ్ల కిందట, చెరుకు క్రషింగ్ మొదలయ్యే నవంబరులో, బోధన్ దగ్గరి ఒక చక్కెర మిల్లు వాహనాల విభాగంలో నన్ను సీనియర్ అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. విభాగాధిపతి కుర్చీ ఖాళీ. న్యాయంగా నాకే రావాలి. నాకన్నా ఎంతో జూనియర్ అయిన సుజాత కూడా దాని మీదే కన్నేసింది.

చెరుకు తోటలకు పోయే కార్లు నల్లరేగడిలో దిగబడుతున్నాయని ఫీల్డు వాళ్లు మొత్తుకుంటే, ఆమె వాటికి ఎత్తూ వెడల్పూ ఎక్కువున్న టైర్లు వేయించింది. దిగబడడం ఆగింది. మేనేజరు క్యాంటీన్లో అందరి ముందూ ఆమెను మెచ్చుకుంటుంటే నేను చాయ్ సగంలోనే వదిలేసి లేచాను. అదే సలహా నేనిస్తే ఖర్చు దండగ అనేవాడు.

వెడల్పు టైరు బరువు. దాన్ని దొర్లించడానికి ఇంజను ఎక్కువ డీజిల్ తాగుతుంది, తాగినకొద్దీ పొగ వదులుతుంది. పొగ పరీక్ష బండిని నిలబెట్టి చేస్తారు కనుక ఈ తేడా అందులో పట్టుబడదు. ఇదంతా సుజాత మొహం మీదే అన్నాను.

"అక్కా, బురదల దిగబడ్డ కారును ట్రాక్టరు పెట్టి గుంజితే, ఆ డీజిల్ ఎవరి ఖాతాల రాస్తవు?" అన్నది.

ఆ మాటా సబబే. అందుకే ఇంకా మండింది.

నెల తిరిగేసరికి, మీటరు లెక్కన ఆ కార్ల మైలేజీ బాగా పడిపోయింది. మీటింగులో మేనేజరు టైర్లన్నీ పీకేయమని చెప్పి, కుర్చీ ఇక నాదేనన్నట్టు నావైపు చూశాడు. సుజాత తల వంచుకుంది. నెలంతా నేను కోరుకున్నది అదే. కానీ ఆయన నమ్మిన ఆ మీటరు లెక్క తప్పు. తప్పు లెక్క నాకు లాభమైనా సరే, విని ఊరుకోవడం నా వల్ల కాదు.

"సార్, మీటరు చక్రం చుట్లను లెక్కపెడ్తది. పెద్ద టైరు ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతది. కార్లు నడిచినంత దూరం మీటరు మీద పడలే" అన్నాను.

ఆయన నమ్మలేదు. యార్డులో టైరుకు సుద్దగీత పెట్టి, ఒక్క చుట్టు దొర్లించి కొలిచి చూపాను. తర్వాత నిజామాబాద్ రోడ్డు కిలోమీటరు రాళ్ల వెంట కారు నడిపించి మీటరుతో పోల్చాను. డీజిల్ ఎక్కువ తాగే మాట నిజమే, మీటరు చూపినంత మాత్రం కాదు. తోటల్లోకి దిగే కార్లకు సుజాత టైర్లే ఉంచి, వాటిలో ఎక్కువగా రోడ్డు మీదే తిరిగే వాటికి పాత సైజు వేయించారు. సీజన్లో బండ్లు ఆగకుండా చూసిందని కుర్చీ ఆమెకిచ్చారు.

"నువ్వు నోరు తెర్వకుంటే నా పని అయిపోతుండె అక్కా" అన్నది బయటికొచ్చాక.

"నీ కోసం తెర్వలే" అన్నాను.

తర్వాత ముందస్తుగా రిటైరయ్యాను. నేర్చుకున్నది ఒకటే. టైరు సైజు మార్చిన బండి మైలేజీని మీటరు చూసి తేల్చకూడదు. ముందు రోడ్డు మీద కొలిచి, మీటరు తేడాను లెక్కలో కలుపుకోవాలి. ఆ విభాగంలో ఇప్పటికీ అదే పద్ధతట, సుజాత సంతకంతో.