విదేశీ టేకు కుర్చీకి వేరుశనగ నూనె

నా భార్యకు కూర్చోవడం కష్టం కాదు, లేవడం కష్టం. ఈ మెట్టనేలలో లోతైన బోర్లనుండి వచ్చే నీటిలోని ఫ్లోరైడు కొందరి ఎముకలలో చేరి కీళ్ళను బిగించివేస్తుంది. ఆమె మోకాళ్ళూ నడుమూ అలా బిగుసుకొని కొన్నేళ్ళయింది. రెండు అరచేతులనూ గట్టి ఆధారంమీద ఆనించి, ఒంటి బరువంతా వాటిమీద మోపితే తప్ప ఆమె నిలబడలేదు. అయినా సాయంకాలం వాకిట్లో కూర్చోవాలన్న కోరికను విడువలేదు. ఎదురింట్లో బట్టలు కుట్టే ముస్లిం ఆవిడ మిషను మూసివేసి వచ్చి ఆమెతో మాట్లాడే కొద్దిసేపటికోసమే ఆమె పగలంతా వేచి ఉంటుంది.

మా వాకిటి బండ రాత్రి భోజనాల వేళకు కూడా వేడి వదలదు. ఇనుప కుర్చీ అంతకన్నా నయం కాదు. ప్లాస్టిక్ కుర్చీ చేతులు బరువు పడగానే పక్కలకు ఒరిగిపోతాయి. ఒకనాడు అలా ఒరిగి ఆమె కింద పడింది. ఒక్కణ్ణే లేపలేక నేను ఎదురింటివైపు కేక వేయవలసివచ్చింది.

"ఇంగ నేను ఇంట్లోనే కూర్చుంటాలెండి" అని ఆనాడు ఆమె అన్న మాటే మమ్మల్ని బెంగుళూరు రోడ్డుమీది దుకాణానికి నడిపించింది. అక్కడ ఇండోనేషియానుండి దిగుమతి అయిన టేకు కుర్చీలు, ఆరుబయట వేసుకొనేవి, తేనెరంగులో నిగనిగలాడుతున్నాయి.

"ఓడలకి వాడే కట్టె సార్ ఇది. వానలో నానినా ఏం కాదు" అన్నాడు అమ్మే అతను.

"మనకి వాన యాడుండాదప్పా?" అంది నా భార్య.

"అదేమ్మా నేను చెప్పేది! వానకే ఏం కానిది ఎండకేమయితాది?"

తర్కశాస్త్రంలో హేత్వాభాసాలను గూర్చి ఏళ్ళ తరబడి పాఠాలు చెప్పిన నాకు ఆ క్షణాన ఏ ఆక్షేపణా స్ఫురించలేదు. ఎందుకంటే అప్పటికే ఆమె ఒక కుర్చీలో కూర్చొని, దాని వెడల్పైన చేతులమీద అరచేతులు మోపి, ఎవరి సాయమూ లేకుండా నిలబడింది. "లేచినా!" అంది, పరీక్ష గెలిచిన పిల్లలాగా. ఇక అడగడానికి ఏముంది?

కుర్చీ వాకిట్లోకి వచ్చిన సాయంకాలం ఎదురింటి ఆవిడ నడుముమీద చేతులు పెట్టుకొని నిలబడింది. "ఏమక్కా, సింహాసనం ఎక్కినావే! ఇంగ మాతో మాట్లాడ్తావో, వాయిదా ఇచ్చి రమ్మంటావో?"

"నీకైతే నేలమీద చాప ఏసినా చూడు. కూర్చో" అని నా భార్య నవ్వింది. అంత నవ్వు విని చాలా కాలమయింది.

వేసవి మధ్యకు వచ్చేసరికి తేనెరంగు బూడిదరంగుకు తిరిగింది. వెన్నుపలకలో వెంట్రుకవంటి చీలికలు కనిపించాయి. ఆరుబయట ఉన్న టేకు అలా రంగు మారడం సహజమనీ, దానివల్ల హాని లేదనీ నేను తరువాత చదివి తెలుసుకున్నాను. ఆమె మాత్రం దాన్ని దాహమనుకుంది. ఆమె పుట్టింట్లో ఏటా ఉగాదికి ముందు గడపలకూ తలుపులకూ గానుగలో ఆడించిన వేరుశనగ నూనె పూసేవారు. చెనిక్కాయ పండే సీమలో మనిషి తలకైనా, ఎద్దు కొమ్ముకైనా, కట్టెకైనా అదే నూనె. ఆమె గుడ్డ ముంచి, బిగుసుకుపోయిన వేళ్ళతోనే, కుర్చీ సందుసందుకూ పట్టించింది. అది మళ్ళీ మెరిసింది.

ఆషాఢమాసపు గాలి వచ్చేదాకా మెరిసింది. ఆ గాలి మోసుకొచ్చిన ఎర్రదుమ్ము ఆరని నూనెకు అంటుకొని పెచ్చులాగా గట్టిపడింది. చీమలు పట్టాయి. వాటన్నిటినీ తుడిచే పనిలో నేనుండగా కుర్చీ కుడిచేయి నా పట్టులో కదిలింది.

వడ్రంగి వచ్చి, వంగి చూశాడు. "అతుకు లోపలి కట్టె ఎండి సన్నబడినాది సామీ. బంక పెట్టి బిగిద్దామంటే సందులోకంతా నూనె దిగినాది. నూనె మీద బంక యాడ పడ్తాది?"

"మేకు కొడితే?"

"చీలిక ఈడిదాకా వచ్చినాది చూడండి. కొడితే రెండవుతాది. ఇప్పదీస్తే మళ్ళా కూడుతాదో లేదో నాకూ తెల్దు. ఈ కట్టె నేనెప్పుడూ ముట్టినోణ్ణి కాదు."

అంతలో నా భార్య మజ్జిగ గ్లాసుతో గడపదాకా వచ్చింది. "బాగా మెరుస్తాండాది కదప్పా? నేనే పూసినా నూనె."

అతను నా ముఖం చూశాడు. "మెరుస్తాండాదమ్మా" అని మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

దుకాణానికి ఫోను చేస్తే, చెదలకు గ్యారంటీ ఉందనీ ఎండకు లేదనీ చెప్పారు. ఇటువంటి కుర్చీ కొనదలచినవారు రంగు చూసి తృప్తి పడకుండా, కట్టె ఎంతవరకు ఆరబెట్టినదో అడగాలి. అతుకులు బంకమీద నిలిచాయా, కట్టె సీలలమీదనా అని వంగి చూడాలి. చేవ ఎంత, పైచెక్క ఎంత అని విచారించాలి. నూనె అసలు అవసరమా అని అడగాలి. అన్నిటికన్నా ముందు, విరిగితే బాగుచేసేవారు మన ఊళ్ళో ఉన్నారా అని అడగాలి. ఇవన్నీ నాకిప్పుడు తెలుసు. తెలిసి చేయగలిగినది లేదు. అటువంటిదే మరొకటి తెచ్చినా ఈ ఎండలోకే తేవాలి. దీన్ని తీసివేయాలంటే, ఎందుకో ఆమెకు చెప్పాలి.

కనుక ఆమె లేచే వేళకు నేను కుర్చీ వెనుక నిలబడి, ఆ కుడిచేతిని నా రెండు చేతులతో అదిమి పట్టుకుంటున్నాను. ఆమె పట్టు, కట్టె అతుకు, నా మణికట్లు. ఏది ముందు జారుతుందో నాకు తెలియదు.

"మీరెందుకట్లా కావలి నిలబడ్తారు? ఎదురింటి ఆయమ్మ నవ్వుతాంది" అంది నిన్న.

"ఊరికేలే."

ఆమె కుర్చీ చేతిని నిమిరి, చీలికను వేలితో తడిమింది. "మళ్ళా ఎండిపోతాండాది పాపం. ఆ నూనె సీసా ఇట్ల తెస్తారా?"

నేను లోపలికి వెళ్ళి, సీసా తెచ్చి, ఆమె చేతికిచ్చాను.